పానగల్లు కోట: సరిహద్దు మీది దండు, దారి మీది వ్యాపారం

ప్రశ్న: బహమనీ సుల్తాను ఫిరోజ్ షా పానగల్లును రెండేళ్లు ముట్టడించి చివరకు ఓడిపోయాడని చదివాను. అది మా పట్టణం పక్కన ఛాయా సోమేశ్వరాలయం ఉన్న పానగల్లేనా, లేక వనపర్తి జిల్లాలోని పానగల్ కోటా? అంత మారుమూల కోట కోసం ఇన్ని రాజ్యాలు ఎందుకు పోరాడాయి?
– ఒక పాఠకురాలు, నల్లగొండ

జవాబు: ఒకే పేరున్న ఈ రెండు ఊళ్ల విషయంలో పుస్తకాలలోనూ తికమక ఉన్నది. మీ పానగల్లు కందూరు చోళుల రాజధాని. పచ్చల సోమేశ్వరాలయం, ఉదయసముద్రం చెరువు వారి కాలపు వైభవానికి ఆనవాళ్లు. అయితే అది మైదానంలోని పట్టణం. పెద్ద సైన్యాన్ని రెండేళ్లపాటు నిలువరించగలిగినది ఏడు ప్రాకారాలతో, నడుమ బాలాహిసారు అనే లోకోటతో రాతిగుట్టపై నిలిచిన వనపర్తి వైపు కోటే అయి ఉంటుందని నా అభిప్రాయం.

1417 ప్రాంతంలో మొదలైన ఆ ముట్టడిలో ఫిరోజ్ షాను మొదట దెబ్బతీసినది శత్రువు కత్తి కాదు, దండులో ప్రబలిన అంటురోగం. గుర్రాలూ మనుషులూ కుప్పలుగా చనిపోయిన ఆ అదనులో విజయనగర ప్రభువు మొదటి దేవరాయలు వచ్చి సుల్తానును చిత్తుగా ఓడించాడు. ఆ దెబ్బ నుంచి ఫిరోజ్ షా తేరుకోలేదు. 1422లో సింహాసనం అతని తమ్ముడు అహ్మద్ షా వశమైంది. తరువాతి శతాబ్దంలో గోలకొండ రాజ్యస్థాపకుడు సుల్తాన్ కులీ కోయిలకొండ, ఘనపురం కోటలతోపాటు పానగల్లునూ విజయనగరం నుంచి గెలుచుకున్నాడు. 1604 నాటి శాసనం ఇక్కడి కోట అధికారిగా ఖైరత్ ఖాన్‌ను పేర్కొంటున్నది.

ఇక మారుమూల అన్న మాటకు వస్తాను. పానగల్లు ఈనాటి మన కంటికే మారుమూల. కృష్ణకు ఉత్తరపు ఒడ్డున, రాయచూరు అంతర్వేదికి (కృష్ణా తుంగభద్రల నడుమ నేలకు) ఎదురుగా ఉన్న ఈ గుట్ట ఎవరి చేతిలో ఉంటే నది దాటి వచ్చే దండు మీద, సరుకు మీద వారి కన్ను ఉండేది. ఎండాకాలంలో నీరు తగ్గి రేవులు తెరుచుకున్నప్పుడు అటు సైన్యాలూ కదిలేవి, ఇటు వర్తకులూ కదిలేవారు.

చరిత్ర రాసేవారు చాలామంది వదిలేసే సంగతి ఒకటి ఇక్కడ చెప్పక తప్పదు. కోటలో ఉన్న దండు తిండి పండించదు. జొన్న, ఉప్పు, గుర్రాలకు ఉలవలు బయటి నుంచి రావలసిందే. ఉప్పు సముద్రతీరం నుంచి ఎద్దుల మీద వచ్చేది. వీపుకు ఇరువైపులా కంట్లాలు (సరుకు సంచులు) వేలాడుతుండగా వందలాది ఎద్దులు బారులు తీరేవి. సాయంత్రం దింపిన కంట్లాలను చుట్టూ పేర్చి, ఆ గోడ నడుమ వర్తకులు పిల్లాపాపలతో మకాం చేసేవారు. పూర్వం పెరిక ఎద్దుల వర్తకులు, తరువాత లంబాడీలు ఈ రవాణాను మోశారు. మూడవ మైసూరు యుద్ధంలో టిప్పు మీదికి వెళ్లిన సైన్యాలకు ధాన్యం అందించినదీ లంబాడీల బిడారులే. ఆ యుద్ధకాలంలోనే, 1791 ప్రాంతంలో, నిజాం అలీ ఖాన్ తన కొలువుతో సహా పానగల్లు దగ్గర విడిది చేశాడు. నిజాం కొలువంటే వేలాది మంది. వారందరికీ బజారు కావాలి. ఆ బజారును నడిపినవారి పేర్లు ఏ శాసనానికీ ఎక్కలేదు. రాజుల పేర్లతో సమానంగా వారి శ్రమనూ పాఠ్యపుస్తకాలలో చెప్పాలని నేను గట్టిగా కోరుకుంటాను.

1800లో నిజాం కడప, బళ్లారి ప్రాంతాలను ఇంగ్లీషువారికి వదులుకున్నాడు. 1839లో కర్నూలు కూడా వారి ఏలుబడిలోకి పోయింది. దానితో హద్దు తుంగభద్ర దగ్గర స్థిరపడి, ఈ ప్రాంతం వనపర్తి, గద్వాల, జటప్రోలు సంస్థానాల చేతుల్లో నడిచింది. అయినా సైనిక సంప్రదాయం ఒక్కసారిగా ఆగలేదు. హైదరాబాదులోని ఏ.సీ. గార్డ్స్ బస్తీకి ఆ పేరు తెచ్చిన ఆఫ్రికన్ ఆశ్వికదళం (ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్) వనపర్తి రాజులు పెంచి నిజాముకు ఇచ్చినదే. వ్యాపారం మాత్రం తరువాత మహబూబ్‌నగర్, గద్వాల మీదుగా కర్నూలుకు వేసిన రైలుమార్గం వెంట పడమటికి జరిగింది.