“సమజైందా?” అని అడగకు, బిడ్డా

చిట్టీ,

షుగర్ పేషెంట్లకు ఇన్సులిన్ నేర్పే ఉద్యోగంలో చేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. పొంగిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. నువ్వు గడగడా మాట్లాడతావు, నీ ముందు కూర్చునేది భయంతో చెవులు మూసుకుపోయిన మనిషి.

చేతులు కడుక్కోవడం, సూదులు డబ్బాలో వేయడం నీకు చెప్పక్కర్లేదు.

ఇన్సులిన్ అనగానే చాలామంది “ఇగ నా పని అయిపోయింది” అనుకుంటారు. ఒత్తిడి మీద పరిశోధన చేసిన మనస్తత్వ శాస్త్రవేత్తలు లాజరస్, ఫోక్‌మన్ 1984లో చెప్పింది ఇదే. మనిషి ముందు “ఇది నాకు ముప్పా?” అని, ఆపైన “నాతో అవుతుందా?” అని లెక్కేసుకుంటాడు. ముప్పు పెద్దదిగా, తన బలం చిన్నదిగా కనిపిస్తే ఒత్తిడి. అందుకే ఇన్సులిన్ పెన్ను (సూది బిగించి మందు ఎక్కించుకునే పెన్ను) తీయకముందే “దేనికి భయమైతుంది?” అని అడుగు. “మా మామకు సూది మొదలువెట్టినంకనే కాలు తీసేసిండ్రు” అంటారు. కొట్టిపారేయకు. ఏళ్ల తరబడి షుగర్ ఎక్కువై కాలు పాడైందని, సూది ఆలస్యంగా వచ్చిందని నెమ్మదిగా చెప్పు.

ఇప్పుడు అసలు తప్పు. ఈ పనిలో తరతరాలుగా అందరూ చేసేదే: అంతా చెప్పేసి “సమజైందా?” అనడం. పాతబస్తీ నుంచి వచ్చినవాళ్లనైతే “సమ్‌ఝే క్యా?” అనడం. అందరూ తలూపుతారు. “సమజ్ కాలే” అంటే మొద్దనుకుంటారని సిగ్గు, వెనక లైను ఉందని తొందర. ఇంటికెళ్లాక సూది మీది లోపలి మూత తీయకుండానే పొడుచుకుంటారు. మందు ఒంట్లోకి పోదు, షుగర్ దిగదు, డాక్టరు డోసు పెంచుతాడు. ఎవరో ఒకరు మూత తీసి ఇచ్చిన రోజు ఆ పెరిగిన డోసంతా ఒక్కసారి లోపలికి పోతుంది. నా భయమంతా అక్కడే. ఇంకొకరు బటన్ నొక్కగానే లాగేస్తారు, పది లెక్కపెట్టరు, మందు బయటికి కారుతుంది. నొప్పి లేదని రోజూ ఒకే చోట పొడిస్తే అక్కడ గడ్డ కడుతుంది, మందు సరిగ్గా ఎక్కదు. ప్రతిసారీ వేలెడు దూరం జరగమను. ఫ్రిజ్‌లో ఐసు గడ్డకట్టే అరలో పెడితే మందు పాడైనట్టే.

కాబట్టి తప్పు నీ మీద వేసుకుని అడుగు: “నేను సరిగ్గా చెప్పిన్నో లేదో చూసుకోవాలె. ఇంట్లో ఎట్ల తీసుకుంటరో జెర చూపించండి.” నోటితో కాదు, చేత్తో చేయించు. కొత్త సూది పెట్టి, రెండు యూనిట్లు గాల్లోకి వదిలి, చుక్క కనిపించాకే డోసు తిప్పాలి. తప్పితే ఆ ఒక్క మెట్టే మళ్లీ చెప్పి, మళ్లీ చేయించు. మనస్తత్వ శాస్త్రవేత్త బండూరా 1977లో రాసినట్టు, నాతో అవుతుందన్న నమ్మకం అన్నిటికంటే గట్టిగా పుట్టేది చేసి గెలిచినప్పుడే. నువ్వు ఎంత మెచ్చుకున్నా దాని తర్వాతే. ఒక రోజుకు మూడు విషయాలు చాలు.

మొదటి రోజు మూడింటిలో షుగర్ పడిపోవడం ఉండి తీరాలి. చెమట, వణుకు, కళ్లు తిరగడం, మిషన్‌లో షుగర్ 70 కంటే తక్కువ చూపడం: మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి, 15 నిమిషాలకు మళ్లీ చూసుకోవాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, ఆసుపత్రికి తేవాలి. ఇది ఇంట్లోవాళ్లకూ నేర్పు. రంజాన్ ఉపవాసం ఉండేవాళ్లను నెల ముందే డాక్టరు దగ్గరికి పంపు, డోసు నువ్వు మార్చకు.

ఇక నీ సంగతి. మార్చగలిగేవి మార్చు: కుర్చీ అడుగు, ఒక్కొక్కరికి పావుగంట అడుగు, నేర్పడానికి ఒక ఉత్త పెన్ను అడుగు. మార్చలేనివీ ఉంటాయి. నీ పేషెంటు కాలు పోగొట్టుకుని వస్తే “నేనేం తక్కువ చేశాను” అని లోపల కుళ్లకు, నాకు ఫోన్ చేయి, ఎంత రాత్రయినా సరే. మధ్యాహ్నం తిండి మానేశావని తెలిస్తే మాత్రం ఊరుకోను.

మొదటి ఆదివారం మలక్‌పేట ఇంటికి రా. ఉత్త పెన్ను తెచ్చుకో. ఏమీ తెలియని పేషెంటులా కూర్చుంటాను, నాకు నేర్పు. తలూపుతాను. అప్పుడేం చేస్తావో చూస్తాను.

మీ పెద్దమ్మ