ముందు వాట్ల లెక్క రాయి

చిరంజీవికి,

పెడల్ తొక్కి ఎగిరే విమానాల మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. ఇకారస్ మైనపు రెక్కల దగ్గర మొదలుపెట్టి రెండు పేజీలు పురాణంలోనే ఉండిపోయావు. అవి తీసెయ్. 1977 ఆగస్టు 23న కాలిఫోర్నియాలోని షాఫ్టర్‌లో గోసమర్ కాండర్ అనే పెడల్ విమానం ఎగిరిన చోటు నుంచి ఎత్తుకో.

దాన్ని 'మనిషి బలంతో లేచిన మొదటి విమానం' అన్నావు. కాదు. 1961 నవంబరు 9నే ఇంగ్లండ్‌లో సౌతాంప్టన్ విద్యార్థులు కట్టిన సంపాక్ అనే విమానాన్ని పైలట్ డెరెక్ పిగట్ నేల మీంచి లేపాడు. కాండర్ అర మైలు ఎడంలో ఉన్న రెండు స్తంభాల చుట్టూ 8 అంకెలా తిరిగి, మొదట్లోనూ చివర్లోనూ పదడుగుల ఎత్తు దాటి మనిషి బలంతో ఎగిరే విమానాలకు పెట్టిన క్రెమర్ బహుమతి గెలిచింది. 8 ఎందుకంటే, ఎడమకూ కుడికీ కూడా తిరగగలదని తేలాలి.

ఇక అసలు విషయం. బాగా సాధన ఉన్న సైకిలిస్టు నిలకడగా ఇచ్చేది సుమారు 250 వాట్లు, అంటే మూడు సీలింగ్ ఫ్యాన్లు తిరిగేంత. కాండర్‌ను రూపొందించిన పాల్ మెక్రెడీ ఆలోచన ఇలా సాగింది: ఒక గ్లైడర్‌ను (ఇంజను లేని విమానాన్ని) బరువు పెరగకుండా అన్ని వైపులా మూడింతలు చేస్తే రెక్కల వైశాల్యం తొమ్మిదింతలవుతుంది. కాబట్టి గాల్లో నిలవడానికి మూడో వంతు వేగం చాలు. ఆకారం మారలేదు గనక గాలి నిరోధం అంతే ఉంటుంది. శక్తి అంటే నిరోధం ఇంటూ వేగం, కాబట్టి అదీ మూడో వంతే. నీ వ్యాసానికి వెన్నెముక ఇదే, దీన్ని తొందరపడి దాటెయ్యకు.

'బరువు పెరగకుండా' ఎలాగో కూడా చెప్పాలి. రెక్కల పొడవు 96 అడుగులు, యంత్రం బరువు సుమారు 32 కిలోలే. సన్నటి అల్యూమినియం గొట్టాలు, బయట లాగి కట్టిన పియానో తీగలు, పైన మైలార్ అనే పలచటి ప్లాస్టిక్ పొర. మామూలు విమానం వేగంలో ఆ తీగల నిరోధం భరించలేం. గంటకు 17 కిలోమీటర్ల దగ్గర సర్దుకుపోవచ్చు. పైగా పడి విరిగితే గొట్టం మార్చి టేపు వేస్తే మళ్లీ సిద్ధం.

మలుపు గురించి నువ్వు ఒక్క వాక్యంతో సరిపెట్టావు. నా దృష్టిలో కథంతా అక్కడే ఉంది. సెకనుకు 5 మీటర్ల వేగంతో 60 మీటర్ల వ్యాసార్ధంలో తిరుగుతోందనుకో. లోపలి రెక్క కొస వేగం 3.8, బయటి కొసది 6.2. ఎత్తే బలం వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది గనక రెండు కొసలకీ 2.7 రెట్లు తేడా వచ్చి లోపలి రెక్క కుంగుతుంది. మామూలు విమానంలో మలుపు వైపు రెక్క కోణం తగ్గిస్తారు. కాండర్‌లో తీగతో మెలితిప్పి పెంచారు, ముందున్న చిన్న రెక్కను పక్కకు వంచి ముక్కు తిప్పారు.

1979 జూన్ 12న కాండర్ తర్వాతి విమానం గోసమర్ ఆల్బట్రాస్ మీద, కాండర్‌నూ నడిపిన బ్రయన్ ఆలెన్ ఇంగ్లండ్, ఫ్రాన్స్ మధ్య ఉన్న ఇంగ్లిష్ చానల్ దాటడానికి ఒక్క పేరా చాలు. 1988 ఏప్రిల్ 23న గ్రీసు దీవులు క్రీట్ నుంచి సాంటొరినికి 115 కిలోమీటర్లు ఎగిరిన పెడల్ విమానం డీడలస్ గురించి మాత్రం చివరిదాకా రాయి: తీరానికి కొద్ది మీటర్ల దూరంలో గాలివిసురుకు తోక విరిగి నీళ్లలో దిగింది. కారణమూ చెప్పు. సెకనుకు ఆరేడు మీటర్లతో పోయేదానికి 3 మీటర్ల విసురంటే దాని వేగంలో దాదాపు సగం.

అడుగులు, మైళ్లు పందెం నిబంధనల దగ్గరే ఉంచి, మిగతావన్నీ మీటర్లలోకి మార్చి మళ్లీ పంపు.