తెలుగు పెట్టగానే బటన్లలో వత్తులు తెగిపోతున్నాయి. ఫోన్, ట్యాబ్, బ్రౌజర్ మూడింట్లోనూ సరిగ్గా రావాలంటే ఏం చేయాలి?

మీరు చెప్పిన ఇబ్బందులు మూడు. ఇంగ్లిష్‌లో చక్కగా ఉన్న బస్ టికెట్ యాప్‌ని తెలుగులోకి మార్చగానే బటన్లలో వత్తులు సగానికి తెగుతున్నాయి, ట్యాబ్‌లో లేఅవుట్ చెదిరిపోతోంది, బ్రౌజర్‌లో ప్రయాణికుల ఫారం కొందరి పేర్లు తీసుకోవడం లేదు. మూడింటికీ మూలం ఒకటే: స్క్రీన్లన్నీ ఇంగ్లిష్ అక్షరాల కొలతలతో గీసి, తెలుగు మాటలు చివర్లో పెట్టారు. అనువాదం పొడవు పెరుగుతుంది కాబట్టి వెడల్పు వదలమని ఎవరైనా చెబుతారు. తెలుగుకి అంతకంటే ముందు వదలాల్సింది ఎత్తు.

‘శాస్త్రీయ’ అన్న మాట తీసుకోండి. పైన గుడిదీర్ఘం, కింద తవత్తు, దానికి తోడు రవత్తు. 16 పిక్సెళ్ల అక్షరానికి లైన్-హైట్ (వరస ఎత్తు అక్షరం సైజుకి ఎన్ని రెట్లో చెప్పే అంకె) 1.2 ఇస్తే వరసకి దక్కేది 19 పిక్సెళ్లే. ఇంగ్లిష్‌కి అది చాలు. తెలుగులో వత్తు వరస దాటి కిందికి వస్తుంది. మామూలు పేరాలో అయితే కింది వరసకి తగులుతుంది, అంతే. బటన్‌కో కార్డుకో ఓవర్‌ఫ్లో-హిడెన్ (పెట్టె దాటినదాన్ని దాచేసే నియమం) ఉంటే మాత్రం అక్కడికక్కడ తెగుతుంది. రెండు వరసలకి కుదించే లైన్-క్లాంప్‌తో పాటు ఓవర్‌ఫ్లో-హిడెన్ కూడా ఎప్పుడూ రాస్తాం కాబట్టి, అక్కడ చివరి వరస వత్తులే ముందు పోతాయి.

కాబట్టి తెలుగు పేరాలకి లైన్-హైట్ 1.6 నుంచి 1.7 ఇవ్వండి. హెడింగులకి 1.4 కంటే తగ్గించొద్దు. బటన్లు, ఇన్‌పుట్ పెట్టెలు, జాబితా వరసలు, వీటిలో ఎక్కడ ‘హైట్’ (బిగించిన ఎత్తు) అని రాసి ఉన్నా ‘మిన్-హైట్’ (కనీస ఎత్తు) చేయండి. 16 పిక్సెళ్లకి 1.6 అంటే 25.6. పైన 12, కింద 12 పాడింగ్ కలిపితే 49.6. ఆండ్రాయిడ్ అడిగే 48 డీపీ (ఆండ్రాయిడ్ తెర కొలత యూనిట్) టచ్ సైజు, ఆపిల్ అడిగే 44 పాయింట్లు అందులోనే వచ్చేస్తాయి. అదే 32 పిక్సెళ్ల ఎత్తు బిగించిన టేబుల్ వరసలో పైనా కిందా 8 చొప్పున పాడింగ్ పోతే అక్షరానికి మిగిలేది 16. దాంట్లో ఏ తెలుగు ఫాంటూ పట్టదు. లైన్-క్లాంప్ ఉన్నచోట పాడింగ్-బాటమ్ 0.2 ఈఎం (ఒక ఈఎం అంటే అక్షరం సైజంత) కలపండి.

ఆండ్రాయిడ్‌లో ఇంకో సంగతి ఉంది. పాత లేఅవుట్లు చెడకూడదని తెలుగుతో సహా కొన్ని లిపులకి ఎత్తు కుదించిన ఫాంటే డిఫాల్టుగా వచ్చేది. టార్గెట్ ఎస్‌డీకేని (యాప్ ఏ ఆండ్రాయిడ్ వెర్షన్ కోసం కట్టారో చెప్పే అంకెని) 35కి, అంటే ఆండ్రాయిడ్ 15కి మార్చగానే ఎలిగెంట్-టెక్స్ట్-హైట్ తనంతట తానే ఆన్ అయి పూర్తి ఎత్తున్న ఫాంట్ వస్తుంది. 36కి వెళ్తే ఆ ఆట్రిబ్యూట్‌ని సిస్టమ్ అసలు పట్టించుకోదు. నిన్నటిదాకా బాగున్న స్క్రీన్ ఎస్‌డీకే పెంచగానే తెగడానికి తరచూ ఇదే కారణం. 35లో దాన్ని ఆఫ్ చేసి నెట్టుకురావాలని చూడకండి, 36కి వెళ్లగానే మళ్లీ అదే పని. ఫాల్‌బ్యాక్-లైన్-స్పేసింగ్ ఆన్‌లో ఉంచి, టెక్స్ట్‌వ్యూ ఎత్తు ర్యాప్-కంటెంట్ (లోపలి అక్షరాలకి తగ్గట్టు) చేయండి. యాప్‌ని రియాక్ట్ నేటివ్‌తో కట్టి ఉంటే, అందులో లైన్‌హైట్ గుణకం కాదు, నేరుగా కొలత. 16 సైజుకి 20 అని రాసి ఉంటే 26 చేయండి. ఫ్లటర్‌లో ఫోర్స్-స్ట్రట్-హైట్ ఆన్‌లో ఉంటే వరస ఎత్తు బిగుసుకుపోతుంది, తెలుగుకి అది తీసేయాలి.

లెటర్-స్పేసింగ్ తెలుగుకి సున్నా. గూగుల్ డిజైన్ పద్ధతి మెటీరియల్ 3లో బాడీ లార్జ్ స్టైల్‌కి 0.5 అని ముందే పెట్టి ఉంటుంది, అది ఇంగ్లిష్ కోసం. ఇటాలిక్ కూడా వద్దు. మామూలుగా వాడే తెలుగు ఫాంట్లలో ఇటాలిక్ ఉండదు కాబట్టి బ్రౌజర్ నిలువక్షరాన్నే పక్కకి వంచి చూపిస్తుంది. బోల్డ్ బరువు ఫాంట్‌లో లేకపోయినా అంతే, గీతల్ని బలవంతంగా లావు చేస్తుంది, ‘ఘ’, ‘ఝ’ లాంటి అక్షరాల్లో ఖాళీలు పూడుకుపోతాయి. ఫాంట్-సింథసిస్ నన్ అని రాసి, నిజంగా బరువులున్న ఫాంట్ తీసుకోండి. నోటో సాన్స్ తెలుగు, అనెక్ తెలుగు, హింద్ గుంటూరు మూడింట్లోనూ బరువులున్నాయి. లింకుల కింద గీత వత్తుల మధ్య నుంచి పోతుంటే అండర్‌లైన్-ఆఫ్‌సెట్ 0.3 ఈఎం దాకా కిందికి దించండి. ఫాంట్ ఫైల్ సైజు తగ్గించడానికి సబ్‌సెట్ చేస్తున్నట్టయితే (అక్కర్లేని అక్షరాలు తీసేస్తున్నట్టయితే) యూనికోడ్‌లో 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకూ ఉన్న తెలుగు బ్లాక్‌తో పాటు 200సీ (అక్షరాలు కలవకుండా ఆపే కనపడని గుర్తు), 200డీ (కలిపే కనపడని గుర్తు), రూపాయి గుర్తు 20బీ9 కూడా ఉంచండి, లేఅవుట్ ఫీచర్లన్నీ ఉంచమని టూల్‌కి చెప్పండి. అక్షరాలు కలిసే తీరు చెప్పే జీసబ్ పట్టిక పోతే వత్తులు కట్టవు, ‘రాష్ట్రం’ పొల్లులతో విడివిడిగా కనిపిస్తుంది.

ట్యాబ్ గురించి చెప్పాల్సింది తక్కువే. 600 డీపీ లోపు ఒక కాలమ్, కింద మెనూ. 600 దాటితే పక్కన నిలువు మెనూ. 840 దాటితే ఎడమవైపు బస్సుల జాబితా, కుడివైపు సీట్లు. మీ యాప్ కింది మెనూలో అయిదు ఐటమ్స్ ఉన్నాయి. 360 డీపీ ఫోన్‌లో ఒక్కోదానికి వచ్చేది 72. ‘నోటిఫికేషన్‌లు’ అందులో పట్టదు. దాన్ని ‘అలర్టులు’ చేయండి, లేదా నాలుగు ఐటమ్స్‌కి తగ్గించి 90 ఇవ్వండి. రెండోదే మేలు. వెడల్పు తెరల్లో పేరాకి గరిష్ఠ వెడల్పు సీహెచ్ యూనిట్‌లో రాయకండి. అది సున్నా అంకె వెడల్పుని బట్టి లెక్కకట్టేది, తెలుగు అక్షరాలు దానికంటే చాలా వెడల్పు. 32 నుంచి 36 ఈఎం మధ్య ఉంచితే కంటికి హాయి.

వాక్యాలు అతికించే పద్ధతి మాత్రం మానేయండి. ఊరి పేరుకి ‘కు’ తగిలించి ‘ఖమ్మంకు 4 బస్సులు’ అని చూపిస్తున్నారు. తెలుగులో ఎవరూ అలా అనరు: ఖమ్మానికి, విశాఖపట్నానికి, తాడేపల్లిగూడేనికి. తిరుపతికి, తెనాలికి అంటాం, ఏలూరుకు, విజయవాడకు అంటాం. కోడ్‌తో ఈ రూపాలన్నీ పుట్టించే కంటే పేరుని విభక్తి లేకుండా నిలబెట్టే డిజైనే మంచిది. పైన చిన్నగా ‘ఎక్కడికి’ అన్న లేబుల్, కింద పెద్దగా ‘ఖమ్మం’, పక్కన ‘4 బస్సులు’. ఏ ఊరైనా తప్పు రాదు, చిన్న ఫోన్‌లో చదవడమూ తేలిక. ఏకవచన, బహువచనాలకి మాత్రం విడివిడి స్ట్రింగులు పెట్టండి, ‘1 బస్సులు’ రాకూడదు.

ఇక పేరు ఫారం. ‘వెంకటలక్ష్మీనరసింహారావు’ మనం చదివే లెక్కలో 11 అక్షరాలు. బ్రౌజర్ లెక్కలో 23, ఎందుకంటే ప్రతి గుణింతం గుర్తూ, ప్రతి పొల్లూ, ప్రతి సున్నా విడి కోడ్. మాక్స్‌లెంగ్త్ (పెట్టెలో పట్టే అక్షరాల హద్దు) 20 అని ఉంటే ఆయన పేరు ‘నరసింహార’ దగ్గర ఆగిపోతుంది. యూటీఎఫ్-8లో అది 69 బైట్లు, డేటాబేస్ కాలమ్ బైట్లలో కొలిస్తే అక్కడ ఇంకోసారి తెగుతుంది. హద్దు 100 పెట్టండి, ఎవరికీ నష్టం లేదు. కొన్ని పేర్లకే ఎర్ర గీత రావడానికి కారణం మీ రెజెక్స్, అంటే ఏ అక్షరాలు చెల్లుతాయో చూసే నమూనా. అందులో యూనికోడ్ ‘ఎల్’ వర్గాన్ని మాత్రమే అనుమతించారు. హల్లులు, అచ్చులు ‘ఎల్’లో ఉంటాయి, గుణింతాలు, పొల్లు, సున్నా ‘ఎం’ వర్గంలో ఉంటాయి. అందుకే ‘కమల’ వెళ్తుంది, ‘రాధ’ వెళ్లదు. ‘ఎం’ వర్గం, 200సీ, ఖాళీ, చుక్క నాలుగూ కలపండి. ఒక మనిషి పేరు చెల్లదని తెర మీద చూపించడం చిన్న లోపం కాదు, మిగతావి ఆగినా దీన్ని ముందు సరిచేయండి. ఇన్‌పుట్‌లో అక్షరం సైజు 16 పిక్సెళ్ల కంటే తగ్గితే ఐఫోన్ సఫారీ పెట్టెని నొక్కగానే పేజీని జూమ్ చేస్తుంది, అదీ చూసుకోండి.

ఊళ్ల వెతుకులాటలో ఇదే కోవకి చెందిన చిక్కు ఉంది. ‘మహబూబ్‌నగర్’ అని సరిగ్గా రాస్తే ‘బ్’ తర్వాత కనపడని 200సీ ఉంటుంది. అది లేకుండా టైప్ చేస్తే ‘మహబూబ్నగర్’ అవుతుంది, రెండూ కలవవు. డేటాలోనూ వెతికే మాటలోనూ 200సీని తీసేసి, ఎన్ఎఫ్‌సీకి (ఒకే అక్షరాన్ని ఒకే రకంగా నిల్వ చేసే యూనికోడ్ రూపానికి) మార్చి, ఆ తర్వాత పోల్చండి. ఐత్వం గుర్తుని రెండు రకాలుగా నిల్వ చేయొచ్చు, ఎన్ఎఫ్‌సీ దాన్ని ఒకటి చేస్తుంది. ప్రతి ఊరికీ మారుపేర్ల జాబితా ఉంచండి: వైజాగ్, బెజవాడ, పాలమూరు, హన్మకొండ, హనుమకొండ. ఇంగ్లిష్ లిపిలో కొట్టే స్పెల్లింగులు కూడా ఆ జాబితాలోకే. ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు వచ్చే కీబోర్డుల్లో మాట పూర్తయ్యేదాకా అక్షరాలు మారుతూ ఉంటాయి కాబట్టి కీడౌన్‌ని (కీ నొక్కగానే వచ్చే సంకేతాన్ని) నమ్మకండి, కంపోజిషన్-ఎండ్ (మాట పూర్తయిందన్న సంకేతం) తర్వాతే వెతకండి.

పరీక్షించేటప్పుడు ‘శాస్త్రీయ’, ‘లక్ష్మ్యై’, ‘రాష్ట్రం’, ‘సంస్కృతి’ మాటలు ప్రతి బటన్‌లో, ప్రతి ఇన్‌పుట్‌లో వేసి చూడండి. ఫోన్‌లో 360 డీపీ వెడల్పు, ఫాంట్ సైజు 200 శాతం. విండోస్‌లో నిర్మలా యూఐ, ఐప్యాడ్‌లో కోహినూర్ తెలుగు ఎత్తులు వేరు కాబట్టి రెండింట్లోనూ అదే స్క్రీన్ తెరవాలి. బ్రౌజర్ కిటికీని 1280 పిక్సెళ్ల వెడల్పున ఉంచి 400 శాతం జూమ్ చేస్తే 320 పిక్సెళ్ల తెర అవుతుంది. అక్కడ అడ్డంగా స్క్రోల్ రాకుండా టికెట్ కొనే దాకా వెళ్లగలగాలి.