ఓటు లేదు, డైపర్ల మీద పన్ను మాత్రం ఉంది

ప్రశ్న: ఆంటీ గారూ, నేను అమెరికాలో హెచ్4 వీసా మీద, అంటే ఇక్కడ ఉద్యోగం చేసే మా ఆయన వెంట వచ్చి ఉన్నాను. పాపకి పది నెలలు. మా రాష్ట్రంలో డైపర్ల మీద, శానిటరీ ప్యాడ్ల మీద ఇంకా సేల్స్ టాక్స్ వేస్తున్నారు. దాన్ని తీసేయమని మా స్టేట్ రిప్రజెంటేటివ్‌ని అడుగుదామని లైబ్రరీలో కలిసే తల్లులం నలుగురం అనుకుంటున్నాం. ఓటు లేని నేను వెళ్ళొచ్చా? మా ఆయనేమో "ఇండియాలో ప్యాడ్ల మీద జీఎస్టీ తీసేశారు, ధర ఏపాటి తగ్గింది? నాలుగు డాలర్ల కోసం ఎందుకీ తిరుగుడు" అంటున్నారు.
– పేరు, ఊరు రాయొద్దన్న పాఠకురాలు

జవాబు: నిక్షేపంగా వెళ్ళొచ్చమ్మా. ప్రభుత్వానికి మొర పెట్టుకోవడానికి ఈ దేశంలో పౌరసత్వం అడగరు. చందా మాత్రం ఇవ్వకండి. గ్రీన్‌కార్డు లేనివాళ్ళు ఏ అభ్యర్థికీ ఒక్క డాలరు ఇవ్వకూడదు, ఫండ్‌రైజర్ భోజనానికి టికెట్టు కొన్నా చందా కిందే లెక్క. వర్క్ పర్మిట్ లేకపోతే ప్రచారం పనికి జీతం కూడా తీసుకోకండి.

మీ ఆయన అడిగిన దాంట్లో సగం నిజముంది. ఇండియాలో 2018 జూలైలో ప్యాడ్ల మీద 12 శాతం జీఎస్టీ సున్నా చేశారు. అయితే సరుకు మీద పన్ను సున్నా అయినప్పుడు, తయారుచేసేవాడు ముడిసరుక్కి కట్టిన పన్ను వెనక్కి రాబట్టుకోలేడు. ఆ నష్టం ధరలో కలిపేస్తాడు. అందుకని పన్ను పోయినంతా ధరలో దిగే వీల్లేదు. ఇక్కడి సేల్స్ టాక్స్ సంగతి వేరు. అది ఆఖర్న కౌంటరు దగ్గర, బిల్లు కింద విడిగా పడుతుంది. తీసేస్తే ఆ లైనే ఉండదు.

నాలుగు డాలర్లంటారా? మా టెక్సాస్‌లో రాష్ట్రానికి 6.25, ఊరూ కౌంటీ కలిపి మరో 2, మొత్తం 8.25 శాతం దాకా ఉంటుంది. డైపర్లు, ప్యాడ్ల మీద మాకిప్పుడు అది లేదు గానీ, ఆ రేటు లెక్కన నెలకి 80 డాలర్ల సరుకు కొంటే పన్ను 6 డాలర్ల 60 సెంట్లు. ఏడాదికి 79 పైమాటే. అంటే పన్నెండు నెలల పన్ను కలిపితే ఇంచుమించు ఇంకో నెల సరుకు! మీ ఇంట్లో ఇది తెలియకపోవచ్చు. కానీ పేదింటి తల్లిని ప్రభుత్వమిచ్చే ఫుడ్ స్టాంపులతో గానీ, తల్లీపిల్లల తిండికిచ్చే విక్ సాయంతో గానీ డైపర్లు, ప్యాడ్లు కొననివ్వరు. ఆ తల్లి చేతి డబ్బే పెట్టాలి, దాని మీద పన్నూ కట్టాలి.

ఇక ఎలా అడగాలన్నది. నేను ఇరవై ఏళ్ళు చిన్న షాపులకి సేల్స్ టాక్స్ లెక్కలు రాశాను, అయినా ఈ పన్ను గురించి మా ప్రతినిధి ఆఫీసుకి మొదటిసారి వెళ్ళి నవ్వులపాలయ్యాను. ఆ ఆఫీసులో మా అబ్బాయి వయసు కుర్రాడు పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. ప్యాడ్లని మెడికల్ షాపులో పాత పేపర్లో చుట్టి ఇచ్చిన కాలం నాది, నోరు పెగల్లేదు. "ఆడవాళ్ళ శుభ్రతకి కావాల్సినవి" అన్నాను. బయటికొచ్చేముందు అతని కాగితం కనబడింది: సబ్బు, షాంపూ, టూత్‌పేస్టు. వెనక్కి వెళ్ళి "ప్యాడ్లు, టాంపాన్లు, నెలసరికి" అని చెప్పాల్సొచ్చింది. అతను చెవులదాకా ఎర్రబడి కొట్టేసి రాసుకున్నాడు.

రెండోసారి మాటలు తగ్గించి రసీదు పట్టుకెళ్ళాను. పన్ను పడ్డ సరుకు పక్కన టీ అక్షరం ఉంటుంది కదా, ఎర్ర స్కెచ్‌పెన్నుతో చుట్టాను. ప్యాడ్లకి టీ. డైపర్లకి టీ. చుండ్రు షాంపూకి లేదు! మా రాష్ట్రంలో మందుల లేబులున్న సరుక్కి పన్ను లేదు, చుండ్రు షాంపూ ఆ లెక్కలో మందే. ఆ కుర్రాడు రసీదు జిరాక్స్ తీయించుకున్నాడు.

నా రసీదు వల్లే చట్టం వచ్చిందని చెప్పుకోను. ఆస్టిన్ ప్రతినిధి డానా హవర్డ్ సెషన్ తర్వాత సెషన్ ఈ పన్ను తీసేసే బిల్లు పెడుతూనే వచ్చారు. 2022 ఆగస్టులో రాష్ట్ర కంప్ట్రోలర్ గ్లెన్ హేగర్, సెనేటర్ జోన్ హఫ్‌మన్ పన్ను తీసేయాలని బయటికి చెప్పారు. ఇద్దరూ రిపబ్లికన్లే. ఖజానా చూసేవాడే సరేనంటే ఇక అడ్డెవరు? 2023 సెప్టెంబరు 1 నుంచి పన్ను పోయింది. కాబట్టి మీ రాష్ట్రంలో ఈ పన్ను ఏడాదికి ఎంత వసూలవుతోందో ముందు కనుక్కోండి. "ఆ లోటు ఎలా పూడుస్తాం" అనే ప్రశ్న ఎటూ వస్తుంది. శాసనసభ ఎప్పుడు కూర్చుంటుందో కూడా చూసుకోండి. మాది రెండేళ్ళకోసారి 140 రోజులే, తప్పితే మళ్ళీ రెండేళ్ళు ఆగాలి.

బిల్లులో ప్రతి పదం చదవండి. కాలిఫోర్నియా 2020 జనవరిలో ప్యాడ్లకీ డైపర్లకీ మినహాయింపు ఇచ్చింది, డైపర్లంటే పిల్లలవే. మా టెక్సాస్‌ది పెద్దవాళ్ళ డైపర్లకీ వర్తిస్తుంది. మంచంలో ఉన్న మా అత్తగారికి నాలుగేళ్ళు నేనే మార్చాను, అవి పిల్లల వాటికన్నా ఖరీదు. ఆ ముచ్చట మా తల్లుల గుంపులో ఒక్కరికీ తట్టలేదు, నేను గొడవపెట్టి మేం అడిగేవాటిలో చేర్పించాను. రాష్ట్రం పన్ను తీసేసినా ఊరి పన్ను మిగిలిపోయే చోట్లున్నాయి, వర్జీనియాలో 1 శాతం అలాగే ఉండిపోయింది. అదీ అడగండి.

బిల్లు వచ్చేలోగా ఒక చిన్న వెసులుబాటు: మీ ఆయన ఆఫీసులో వైద్య ఖర్చులకని పన్ను లేకుండా డబ్బు పక్కన పెట్టుకునే ఖాతా, అంటే ఎఫ్‌ఎస్‌ఏ గానీ హెచ్‌ఎస్‌ఏ గానీ ఉంటే, 2020 నుంచి ప్యాడ్ల ఖర్చు అందులో పెట్టుకోవచ్చు. పాప డైపర్లు మామూలుగా కుదరవు.

రసీదులు ఇవాళ్టి నుంచే దాచండి, కార్లో మాత్రం పెట్టకండి. ఆ కాగితం ఎండకి నల్లబడి అంకెలు కనబడవు. నావి ఆరు నెలలవి అలాగే పోయాయి. కొన్నరోజే ఫోన్లో ఫొటో తీసుకోండి.