పోస్టులో రాని జీఎస్టీ నోటీసు చెల్లుతుందా?

మీ నాన్నగారి షాపుకి కాగితం ఒక్కటీ రాలేదు, నోటీసూ ఆర్డరూ జీఎస్టీ వెబ్‌సైట్‌లో, అంటే పోర్టల్‌లోనే పెట్టేశారు, ఇది చెల్లుతుందా అని అడిగారు. చెల్లుతుందండీ. జీఎస్టీ చట్టం సెక్షన్ 169లో నోటీసు అందజేసే పద్ధతులు వరసగా ఉన్నాయి: చేతికివ్వడం, స్పీడ్ పోస్టు, ఈమెయిల్, పోర్టల్‌లో పెట్టడం వగైరా. వాటిలో ఏ ఒక్కటి చేసినా అందినట్టే లెక్క. అంతమాత్రాన దారులన్నీ మూసుకుపోయాయని అనుకోకండి. మా ఇంట్లోనూ ఇదే జరిగింది.

తెనాలిలో మా నాన్నకి పెయింట్ల కొట్టు ఉంది. జీఎస్టీకి ముందున్న వ్యాట్ పన్ను రోజుల్లో పన్నుల ఆఫీసు నుంచి ఏదైనా వస్తే పోస్ట్‌మ్యాన్ కౌంటర్ దగ్గరే సంతకం పెట్టించుకుని ఇచ్చేవాడు. నాన్న ఆ కవరు గల్లాపెట్టెలో దాచి, సాయంత్రం ఆడిటర్ గారికి చూపించి గానీ ఇంటికి వచ్చేవాడు కాదు. 2017లో జీఎస్టీకి మారేటప్పుడు ఈమెయిల్ అడిగారు. నాన్నకి లేదు. లెక్కలు రాసే అబ్బాయి తన మెయిల్, తన ఫోన్ నంబరు ఇచ్చాడు. తర్వాత అతను వేరే ఊరు వెళ్లిపోయాడు. రిటర్ను వేసినప్పుడల్లా ఫోన్ చేసి ఓటీపీ చెప్పించుకునేవాళ్లం. ఆ మెయిల్‌కి ఇంకేం వస్తున్నాయో అతనూ చూడలేదు, మేమూ అడగలేదు.

2024 ఆగస్టు 8న సప్లయర్‌కిచ్చిన చెక్కు వెనక్కి వచ్చింది. బ్యాంకుకి వెళ్తే ఖాతా ఆపమని లెటర్ వచ్చిందన్నారు. ఆ రాత్రి పోర్టల్ తెరిచాను. 2018-19లో మేం తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌కీ (సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నుని మన పన్నులోంచి తగ్గించుకోవడం), సప్లయర్లు చూపించినదానికీ తేడా ఉందని నోటీసు, విచారణకి రమ్మని రెండు తేదీలు, ఏప్రిల్ 22న ఆర్డరు. అన్నీ నెలల తరబడి అక్కడే ఉన్నాయి. "నన్ను ఒక్క మాట అడక్కుండా ఎలా రాసేశారు?" అని నాన్న ఆ రాత్రంతా అదే మాట. ఇరవై ఎనిమిదేళ్లు పన్ను కట్టిన మనిషికి ఎగవేతదారు అన్నట్టు ఆ కాగితం కనిపించింది. డబ్బు కంటే అదే ఎక్కువ బాధపెట్టింది.

ఇప్పుడు మీరు ముందుగా చూడాల్సింది ఆర్డరు తేదీ. సెక్షన్ 107 కింద అప్పీలుకి మూడు నెలల గడువు. సరైన కారణం చూపిస్తే ఇంకో నెల ఇస్తారు, అంతే. మాకు మూడు నెలలు దాటిపోయాయి, ఆ అదనపు నెలలో పద్నాలుగు రోజులు మిగిలాయి. వివాదంలో ఉన్న పన్నులో పది శాతం కట్టి, ఆలస్యానికి కారణం రాసి అప్పీలు వేశాం. అలా కడితే మిగతా బాకీ వసూలు ఆగుతుంది. సరుకు మాకు అమ్మామని, దానికి పన్ను కట్టామని సప్లయర్ల దగ్గర సర్టిఫికెట్లు తీసుకున్నాం. 2017-18, 2018-19 సంవత్సరాల తేడాలకి అలాంటివి చూడమని 2022 డిసెంబరులో వచ్చిన 183వ నంబరు సర్క్యులర్ చెబుతోంది. ఒక్కో సప్లయర్ దగ్గర తేడా ఐదు లక్షలు దాటితే చార్టర్డ్ అకౌంటెంట్ లేదా కాస్ట్ అకౌంటెంట్ ఇచ్చిందే కావాలి. అప్పీలులో మా బాకీ చాలావరకు రద్దయింది.

నాలుగు నెలలూ దాటిపోయి ఉంటే హైకోర్టులో నేరుగా వేసే రిట్ పిటిషన్ ఒక్కటే మిగులుతుంది. పోర్టల్‌లో మాత్రమే పెట్టడంతో వ్యాపారికి తెలియలేదన్న కేసుల్లో మద్రాసు హైకోర్టు చాలాసార్లు ఆర్డర్లు పక్కనపెట్టి, కొంత సొమ్ము కట్టించి మళ్లీ విచారించమంది. మీకూ అలాగే వస్తుందని భరోసా ఇవ్వలేను, వెంటనే వకీలుని కలవండి.

ఈలోపు రిజిస్ట్రేషన్‌లో ఎవరి ఫోను, ఎవరి మెయిలు ఉన్నాయో చూడండి. పాతవాళ్లు దొరక్కపోతే నాన్నగారిని గుర్తింపు కాగితాలతో మీ పరిధిలోని ఆఫీసుకి తీసుకెళ్లండి, అక్కడ మార్చిస్తారు. పోర్టల్‌లో నోటీసుల పేజీతో పాటు అదనపు నోటీసుల పేజీ కూడా తెరవండి. మావి ఆ రెండోదాంట్లోనే ఉన్నాయి.

ఎలక్ట్రానిక్ పద్ధతి వద్దని నేననను. ఆఫీసుల చుట్టూ తిరగడం చాలా తగ్గింది. కానీ డబ్బు కట్టమనే మొదటి నోటీసు, చివరి ఆర్డరు, ఈ రెండూ స్పీడ్ పోస్టులో కూడా పంపాలి. అరవై దాటిన కొట్టు యజమానికి ఆ మాత్రం హక్కు ఉంది.

ఆర్డరు తేదీ, ఏ సంవత్సరం లెక్కో రాయండి. గడువు ఎన్ని రోజులు మిగిలిందో కలిసి లెక్కేద్దాం.