పుట్టగొడుగులను ఏరుతామా, సేకరిస్తామా?

సందేహం: మా అబ్బాయి స్కూల్ వ్యాసంలో “మా బాపమ్మ ఇనుపరాతి గుట్టల్లో పుట్టగొడుగులు ఏరుకొచ్చింది” అని రాస్తే, టీచర్ కొట్టేసి “సేకరించింది” అని దిద్దారు. ఏది సరైనది? పుట్ట లేని చోట మొలిచినా పుట్టగొడుగే అంటామెందుకు? - ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: అబ్బాయి రాసిందే మంచి తెలుగు. “సేకరించు” తప్పు కాదు గానీ అది ఆఫీసు మాట. పన్నుల వివరాలు సేకరిస్తారు, తునికాకు సేకరణ కేంద్రం పెడతారు. ఆ తునికాకునే అడవికి పోయినవాళ్లు “తెంపుతారు”. పూలు కూడా మన దిక్కున తెంపుతారు, కోస్తాలో కోస్తారు. తెల్లారేసరికి చెట్టు కింద రాలి ఉన్న ఇప్పపూలను మాత్రం ఏరుతారు.

అంటే కొమ్మకు ఉన్నది తెంపడం, నేల మీద రాలింది ఏరడం అనుకుందామా? పత్తి దగ్గర ఈ లెక్క తప్పుతుంది. కాయ చెట్టుకే ఉంటుంది, అయినా పత్తి ఏరుతారు. విచ్చినవి చూసి తీసుకోవాలి కదా. బియ్యంలో రాళ్లు ఏరడం, “ఏరికోరి చేసుకున్నాడు” అనడం చూడండి. ఏరడంలో చూపు ఉంది, ఎంపిక ఉంది. పుట్టగొడుగుకు ఇంతకంటే తగిన క్రియ నాకు తోచదు.

ఇక పుట్ట సంగతి. పుట్టుకురావడం నుంచి ఈ పేరు వచ్చిందని కొందరంటారు. “పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి” అనే పలుకుబడి విని అలా అనుకుంటారేమో. ఇది చెదల పుట్టే. చెదపురుగులు పుట్ట లోపల ఒక రకం బూజును పెంచుకుని తింటాయి. వానలు పడ్డాక ఆ బూజే పైకి గొడుగై లేస్తుంది. ఆ పేరు తర్వాత అన్నింటికీ పాకింది, వరిగడ్డి మీద పెంచే ముత్యపు చిప్ప రకానికి కూడా. నువ్వుల నెయ్యి నూనె అయి, ఇప్పుడు కొబ్బరినూనె అంటున్నా ఎవరికీ ఎబ్బెట్టుగా లేదు కదా!

మీరు అడగకపోయినా కుక్కగొడుగు గురించి ఒక మాట. కుక్కతులసి, కుక్కవామింటల్లో లాగా “కుక్క” అంటే అసలుదాన్ని పోలిన నాసిరకం. కానీ చాలాచోట్ల పుట్టగొడుగులన్నింటినీ కుక్కగొడుగులనే అంటారు. అందుకే పేరును నమ్మి కూర వండకూడదు. కొన్నింటి విషం ఎంత ఉడికించినా పోదు. మీ అత్తమ్మ లాగా ఏళ్ల తరబడి ఏరినవాళ్ల చూపు వేరు.

టీచర్ గారు గమనించనిది ఇంకొకటుంది. “ఏరింది” వేరు, “ఏరుకుంది” వేరు. ఆ “కొను” చేరితే పని తనకోసం చేసుకున్నట్టు. బాపమ్మ కూలికి పోతే పత్తి ఏరుతుంది, ఇంట్లో కూరకైతే పుట్టగొడుగులు ఏరుకొస్తుంది. “సేకరించింది” అని దిద్దితే ఆ ఇల్లు, ఆ కూర రెండూ వాక్యంలోంచి పోయాయి.