జొన్న నీడలో కందిని ఎంచేటప్పుడు

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం మొన్న అందింది. పరిశోధన స్థానంలో చేరిన మూడో నెలకే కంది పని నీకు అప్పగించారని, అందులోనూ అంతర పంటగా వేసుకోవడానికి అనువైన రకాన్ని తీయమన్నారని చదివి సంతోషించాను, కొంచెం బెంగ కూడా పడ్డాను. ఆ పనిలో నేను ఇరవై ఎనిమిదేళ్లు గడిపాను. అందులో తొలి తొమ్మిదేళ్లు వెతకకూడని మడిలో వెతికాను. విడిగా వేసినప్పుడు బాగా కాసిన రకం జొన్నలో వేసినా బాగానే కాస్తుంది కదా, దానికి ప్రత్యేకంగా బ్రీడింగ్ ఎందుకని నువ్వు అడిగావు. ఆ మాట సగం నిజం. విడి పంటలో అట్టడుగున ఉన్న రకాలు పొత్తు పంటలోనూ, అంటే మరో పంటతో కలిపి వేసినప్పుడూ, సాధారణంగా అట్టడుగునే ఉంటాయి. తారుమారయ్యేది పైవరసలోని పది పదిహేను రకాల మధ్యనే. మనం ఎంచుకోవలసినది కూడా సరిగ్గా ఆ పది పదిహేనింటిలోంచే కాబట్టి, నీ మాటలో నిజం కాని ఆ మిగతా సగమే మనకు అన్నం పెట్టేది.

ముందుగా కంది జొన్న మధ్య ఎలా బతుకుతుందో ఒక పంటకాలం పూర్తిగా చూడు. పునాసలో రెండూ ఒకే రోజు విత్తుతాం. జొన్న పరుగు తీస్తుంది. కంది మొదటి రెండు నెలలూ పైకి పెద్దగా పెరగకుండా వేరును కిందికి దించుకుంటూ కూర్చుంటుంది. నూరు, నూట పది రోజులకు జొన్న కోసేనాటికి కంది చెట్టు సన్నని పుల్లలా, కింది ఆకులు పసుపు తిరిగి, చూసినవాడికి జాలి పుట్టేలా ఉంటుంది. ఆ తర్వాత వెలుతురు, ఖాళీ, నేలలో మిగిలిన తేమ అన్నీ దానివే అవుతాయి. మధ్యకాలిక రకం నూట అరవై నుంచి నూట ఎనభై రోజులు ఉంటుంది కనుక, జొన్న వెళ్లిపోయాక దానికి యాభై నుంచి ఎనభై రోజుల సమయం దొరుకుతుంది. జొన్నకు, కందికి తగువు లేకపోవడానికి మూలం ఈ వేళల తేడాయే. పటాన్‌చెరువులో 1972లో స్థాపించిన అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో ఈ జోడీ మీద ఏళ్ల తరబడి జరిగిన ప్రయోగాలన్నీ చెప్పినది కూడా ఇదే. రెండు సాళ్ల జొన్నకు ఒక సాలు కంది వేస్తే జొన్న విడి పంట దిగుబడికి దాదాపు దగ్గరగా వస్తుంది, కంది సగానికి పైగా అదనంగా చేతికి వస్తుంది.

దీన్నిబట్టి నీ రకానికి కావలసిన గుణాలు కొన్ని వాటంతట అవే తేలతాయి. నీడలో ఉన్నన్నాళ్లు చావకుండా, అతిగా సాగి పడిపోకుండా ఉండాలి. జొన్న కోసిన తర్వాత కొత్త కొమ్మలు వేసే శక్తి ఉండాలి. అందుకే కొమ్మ చివరనే ఒక్కసారిగా గుత్తిగా పూసి ఆగిపోయే రకాల కంటే, పెరుగుతూ పూస్తూ పోయే రకాలే పొత్తుకు మేలు. మొదటి పూతను శనగపచ్చ పురుగు తినేసినా అవి రెండో పూత వేసుకోగలవు. నూట ఇరవై రోజుల స్వల్పకాలిక రకాలు జొన్న నీడలోనే పూతకు వచ్చి నష్టపోతాయి. అలాగని కాలం మరీ పొడుగైనా కష్టమే. నల్లరేగడిలో నూట ఎనభై రోజుల రకాన్ని తేమ కాపాడుతుంది కానీ, మహబూబ్‌నగర్ వైపు తేలికపాటి చల్కా నేలల్లో వానలు వెనక్కి తగ్గాక అదే రకం కాయ నిండకుండా వాడిపోతుంది. పాలెం పరిశోధన స్థానం నుంచి వచ్చిన పీఆర్‌జీ 176 లాంటి తక్కువ కాలపు రకాలకు తేలిక నేలల్లో ఆదరణ దొరికింది అందుకే. నీ స్థానం ఏ నేల మీద ఉందో ఆ నేలకే రకం తీయి. రెండు నేలలకూ ఒకే రకమని పైవాళ్లు అడిగితే కుదరదని రాసివ్వు.

వేరు సంగతి కూడా మరచిపోకు. ఎర్ర నేలల్లో భాస్వరం చాలావరకు ఇనుముతో బిగుసుకుపోయి ఉంటుంది. కంది వేరు పిసిడిక్ ఆమ్లాన్ని విడిచి దాన్ని కరిగించుకోగలదని ఇక్రిశాట్‌లో జపాన్ శాస్త్రవేత్తలతో కలిసి చేసిన పని 1990లో వెలువడింది. జొన్నకు అందని భాస్వరాన్ని కంది అందుకుంటుందన్న మాట. నత్రజనిదీ అదే దారి. నేలలోని నత్రజనిని జొన్న లాగేసుకుంటే కంది గాలిలోని నత్రజనిని పట్టే తన వేరుబుడిపెల మీద ఎక్కువగా ఆధారపడుతుంది. అయితే ఇక్కడొక చిక్కుంది. పరిశోధన స్థానంలో జొన్న బాగా కనబడాలని యూరియా దండిగా వేస్తారు, జొన్న గుబురెక్కి కందిని అణిచేస్తుంది. ఆ మడిలో నువ్వు ఎంచేది రైతు పొలానికి పనికొచ్చే రకం కాదు, ఎరువు ఎక్కువైన మడిలో బతికి బట్టకట్టిన రకం. రైతు ఎంత వేస్తాడో అంతే వేయించు. చేను పచ్చగా లేదని ఎవరైనా అంటే అననీ.

ఇక మడిలో నేను చేసిన తప్పు చెబుతాను. ఒక్కో చెట్టు గింజతో విడివిడిగా పెంచుకొచ్చిన నాలుగో తరం వంశాలను జొన్నలో వేసిన మొదటి ఏడు, జొన్న కోత అయిన వారానికి ఎర్ర దారాలు పట్టుకుని పొద్దున్నే పొలంలోకి దిగాను. నిండుగా కొమ్మలు వేసి, నడుమెత్తు దాటిన చెట్లను ఎంచి ముప్పై నాలుగింటికి దారాలు కట్టాను. మరుసటి ఏడు వాటి విత్తనంతో వేసిన సాళ్లు మిగతావాటి కంటే ఒక్క పిసరు కూడా మెరుగ్గా లేవు. కారణం తెలియక పాత పుస్తకం తీసి మొలకల లెక్క చూసుకుంటే అప్పుడు తెలిసింది: దారాలు కట్టిన చెట్లలో సగానికి పైగా జొన్న మొలక చచ్చి గండిపడిన చోట్ల పక్కనే ఉన్నాయి. నేను ఎంచినది కందిని కాదు, గండిని. అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాను. జొన్న మోకాలెత్తు ఉన్నప్పుడే గండి పక్కనున్న ప్రతి కంది మొక్క దగ్గరా చిన్న పుల్ల గుచ్చాలి, తర్వాత అది ఎంత అందంగా పెరిగినా దాని వైపు చూడకూడదు. విత్తనం ఒకటికి రెండు వేసి, పదిహేనో రోజున ఒత్తు తీయించడం కూడా అందుకే. కూలి ఖర్చు ఎక్కువ అవుతుందని గొణుగుతారు, పట్టించుకోకు.

దీని కంటే పెద్ద తప్పు కాగితం మీద జరుగుతుంది. పొత్తు పంట లాభాన్ని ల్యాండ్ ఈక్వివలెంట్ రేషియో, పొట్టిగా ఎల్ఈఆర్‌తో, అంటే ఒక్కో పంట పొత్తులో ఇచ్చిన దిగుబడిని దాని విడి పంట దిగుబడితో భాగించి, ఆ రెండింటినీ కూడి చెబుతాం కదా. దాన్ని రకాల ఎంపికకు వాడేటప్పుడు చాలా జాగ్రత్తగా ఉండు. ఒక రకం విడిగా ఎకరాకు ఎనిమిది క్వింటాళ్లు, పొత్తులో 4.8 క్వింటాళ్లు ఇచ్చిందనుకో. దాని వాటా 0.6. ఇంకో రకం విడిగా అయిదు, పొత్తులో నాలుగు ఇచ్చిందనుకో. దాని వాటా 0.8. రెండింటి పక్కనా జొన్న 0.9 వాటా ఇచ్చిందనుకుంటే మొదటిదానికి ఎల్ఈఆర్ 1.5, రెండోదానికి 1.7 వస్తుంది. నివేదికలో రెండోదే గెలుస్తుంది, రైతు మాత్రం ఎకరాకు 80 కిలోల కందులు పోగొట్టుకుంటాడు. ఆ రకం గొప్పతనం పొత్తులో బాగా కాయడం కాదు, విడిగా సరిగ్గా కాయకపోవడం. అన్ని రకాలనూ ఒకే కొలమానంతో, అంటే మొదటి రకం విడి పంట ఎనిమిది క్వింటాళ్లతోనే భాగిస్తే రెండో రకం వాటా 0.5కు, మొత్తం 1.4కు దిగి, అసలు రంగు బయటపడుతుంది. ఇలాంటి రకాన్ని నేను బహుళ ప్రాంతీయ పరీక్షల దాకా మోసుకెళ్లి, అక్కడ అందరి ముందూ తల దించుకున్నాను. కాబట్టి పోలికకు పెట్టుకునే ప్రామాణిక రకాల్లో, అంటే చెక్ రకాల్లో, ఉత్తమమైనదాని విడి పంట దిగుబడి ఒక్కదాన్నే భాజకంగా పెట్టుకో. ప్రతి వంశానికీ విడి మడి వేసే ఖర్చు కూడా దానితో తప్పుతుంది.

నేను మరీ మరీ చెప్పదలచుకున్నది ఈ తూకం గురించే. పొత్తు మడిలో రెండు ధాన్యాలూ తూచు, రెండూ నీ రకం ఖాతాలోనే రాయి. కంది ఎక్కువ కాసి పక్కనున్న జొన్నను పడగొట్టిందంటే అది దొంగ లాభం. ఇంటికి జొన్నలు, పశువులకు చొప్ప కావాలనుకునే రైతు అలాంటి రకాన్ని రెండో ఏడు విత్తడు. జొన్న పక్కన జొన్నను నష్టపరచకుండా తాను కాసే గుణం కొన్ని వంశాలలో ఏ జొన్నతో కలిపినా కనబడుతుంది. దాన్ని సాధారణ పొత్తు సామర్థ్యం అనుకో. ఒకానొక జొన్నతోనే కుదిరేది ప్రత్యేక పొత్తు సామర్థ్యం. సంకరాల పరీక్షలో సాధారణ, ప్రత్యేక సంయోగ సామర్థ్యాలను విడదీస్తాం కదా, ఇదీ అదే లెక్క. మొదట ఒకే జొన్న రకంతో నలభై యాభై వంశాలను వడపోయి, మిగిలిన ఎనిమిది పదింటిని ఎత్తులోనూ కాలంలోనూ తేడా ఉన్న మూడు జొన్నలతో కలిపి చూడు. ప్రతి వంశాన్నీ ప్రతి జొన్నతో కలపాలని మొదటి ఏడే పూనుకుంటే మడులు లెక్కకు మించుతాయి, నీ చేతిలో ఉన్న ఇద్దరు ముగ్గురు మనుషులతో ఆ తూకాలు సరిగ్గా సాగవు.

జొన్న అంటున్నాను కానీ, నీ చుట్టుపక్కల జొన్న ఎంత మిగిలిందో చూసుకో. తెలంగాణలో పునాస జొన్న తగ్గి ఆ స్థానాన్ని పత్తి ఆక్రమించింది. రైతులు పత్తిలో నాలుగు సాళ్లకో ఆరు సాళ్లకో ఒక కంది సాలు వేస్తున్నారు. అనంతపురం వైపు వేరుశనగలో ఏడు సాళ్లకో పదకొండు సాళ్లకో ఒక సాలు వేస్తారు. పత్తి నూట పది రోజులకు పొలం వదిలిపోయే పంట కాదు. అది కందితో పాటే చివరిదాకా నిలబడుతుంది, కాబట్టి అక్కడ జొన్న కోత తర్వాత పుంజుకునే గుణానికి విలువ తగ్గి, పక్కకు విస్తరించకుండా నిటారుగా పెరిగే గుణానికి విలువ పెరుగుతుంది. వేరుశనగ నేలబారుగా ఉంటుంది కనుక అక్కడ నీడ వేసేది కందే, నీడన పడేది వేరుశనగ. నీ రకం ఎవరి పక్కన నిలబడబోతోందో ముందే తేల్చుకుని పరీక్ష పంటను ఎంచుకో.

తెగుళ్ల పరీక్షను మాత్రం పొత్తు మడికి వదిలిపెట్టకు. జొన్నతో కలిపి వేస్తే కందిలో ఎండు తెగులు తగ్గుతుంది. రైతుకు అది వరం, మనకు అదే మోసం. తట్టుకోలేని వంశం కూడా జొన్న చాటున నాలుగేళ్లు గట్టెక్కి, ఎవరో విడిగా వేసిన ఏడు చేను చేనంతా ఎండబెడుతుంది. అందుకని రెండో, మూడో తరాల్లోనే ఎండు తెగులు పెంచిన మడిలో, వెర్రి తెగులు పెంచిన మడిలో వడపోసి, తట్టుకున్నవాటినే పొత్తులోకి తీసుకో. ఎండు తెగులుకు మారుతి అనే రకం, రెండు తెగుళ్లకూ ఆశ అనే రకం ఇప్పటికీ మంచి చెక్ రకాలు. కంది జన్యుపటాన్ని 2011లో విప్పినప్పుడు ఆశనే తీసుకున్నారు, అది నాకు కొంచెం గర్వంగా ఉంటుంది, నాకు అందులో ఏ పాత్రా లేకపోయినా.

విత్తనం విషయంలో ఒక హెచ్చరిక. కందిని పుస్తకాలలో ఎలా రాసినా, తేనెటీగలు దాన్ని స్వపరాగ సంపర్కపు పంటగా ఉండనివ్వవు. పక్కపక్క సాళ్లలో యాభై వంశాలున్న పొత్తు మడి నుంచి సంచి కట్టకుండా పూసిన చెట్టు గింజ తీసి మరుసటి తరానికి పంపావంటే, మూడేళ్లకు నీ దగ్గర యాభై పేర్లతో ఒకే గుంపు మిగులుతుంది. పొత్తు మడి తూకానికి, విత్తనం వేరే చోట పలుచని గుడ్డ సంచులు కట్టిన చెట్లకు. ఈ రెండు పనులనూ కలపకు.

జనకాల కోసం ఇక్రిశాట్ జన్యు నిధిలో పదమూడు వేలకు పైగా కంది నమూనాలున్నాయి, అడిగి తెప్పించుకో. అంతకంటే ముందు ఒకసారి జహీరాబాద్ వైపు వెళ్లి, ఒకే చేలో పదిహేను ఇరవై పంటలు కలిపి విత్తే ఆడవాళ్లతో రెండు రోజులు తిరుగు. వాళ్లు దాచుకున్న కంది ఎన్ని తరాలుగా నీడలో ఎంపికైందో ఆలోచించు. మనం రాసుకునే గుణాల పట్టికలో లేనివి వాళ్లు అడుగుతారు: కట్టె పొయ్యికి పనికొస్తుందా, పప్పు త్వరగా ఉడుకుతుందా, ఆకు ఎప్పుడు రాలుతుంది అని. రాసుకో.

విత్తే ముందు మడుల పటం నాకు పంపించు; అంచు సాళ్లను తూకంలో కలిపావేమో చూస్తాను. జొన్న కోసే తేదీ కూడా తెలియజేయి, మోకాళ్లు సహకరిస్తే వచ్చి ఒక పూట నీతో నడుస్తాను. నా గుడ్డ సంచులు రెండు వందల పైచిలుకు అటక మీద మూటగట్టి ఉన్నాయి, ఎలుకలు కొట్టినవి పోను నూట యాభై అయినా తేలతాయి. వచ్చేటప్పుడు ఒక ఖాళీ గోనె తెచ్చుకుని పట్టుకెళ్లు. అమ్మను అడిగినట్టు చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య